కింద కమాండ్, పైన పాట

రాయదుర్గంలో అప్పటికి మెట్రో లేదు, ఇన్ని అద్దాల మేడలూ లేవు. పాత ఊళ్లో సత్తెమ్మ ఇంటిపైన ఒంటిగదిలో గిరీష్ కిరాయికి ఉండేవాడు. సొంతూరు జమ్మలమడుగు దగ్గర, ఉద్యోగం హైటెక్ సిటీలో. సత్తెమ్మ కొడుకు ఓంకార్‌దీ అదే ఆఫీసు. ఎన్ని ఇళ్లు మారినా గిరీష్ మనసు ఇప్పటికీ ఆ గదికే పరుగెడుతుంది.

గదిలో ఒక ముసలి డెస్క్‌టాప్ ఉండేది. మామూలు ప్లేయర్ తెరిస్తే ఎక్కిళ్లు పెట్టేది. అందుకని ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని, బొమ్మలూ బటన్లూ లేకుండా కమాండ్ కొడితే పాడే సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఎక్కించడం నిమిషం పని, పాడించేసరికి పొద్దుగూకింది. పాటలు ఎక్కడున్నాయో, శబ్దం ఏ దారిన పోవాలో, ఎవరి మాట వినాలో అన్నీ ఒక ఫైల్లో రాసి చెప్పాలి. ఆఖరి లైన్లో గిరీష్ కింది ఇంటి కంప్యూటర్‌నూ చేర్చాడు. కిటికీలోంచి కేబుల్ వేలాడదీశారు. ఇక ఓంకార్ కింద కమాండ్ కొడితే పైన స్పీకర్లు పాడేవి.

పొద్దున్నే బతుకమ్మ పాట పెట్టి గిరీష్‌ను నిద్ర లేపేవాడు వాడు. సత్తెమ్మ బియ్యం ఏరుకుంటూ "జర సౌండు పెంచు బిడ్డా" అని కేకేసేది. గిరీష్ వాళ్ల అవ్వ ఓబులమ్మ కోలాటం పాట కూడా అందులో ఉండేది, సెల్లులో రికార్డు చేసి తెచ్చుకున్నది. అది మొదలైతే చాలు, ఓంకార్ మార్చేసేవాడు.

"మీ అవ్వ పాడుతున్నదా, తిడుతున్నదారా?"

తెలంగాణ ఉద్యమం ముదిరాక ఆఫీసులో ఒకే బల్ల దగ్గర టీ తాగినవాళ్లే రెండుగా చీలి కూర్చున్నారు. మేడమెట్ల మీద వీళ్లిద్దరి వాదన చిలికి చిలికి గాలివాన అయింది.

"తెలంగాణ వస్తే నన్ను పొమ్మంటావేమిరా?" అన్నాడు గిరీష్.

"మా ఊరు మాకు కావాలంటే నిన్ను పొమ్మన్నట్టా?" అన్నాడు ఓంకార్.

ఉండమని మాత్రం అనలేదు. గిరీష్ వినాలనుకున్నది ఆ ఒక్క మాటే. పంతానికి ఇద్దరూ ఇద్దరే, మాటలు ఆగిపోయాయి. పాటలూ ఆగాయి.

గిరీష్ మూసాపేటలో ఇంకో గది చూసుకున్నాడు. సామాను కట్టిన రోజే బంద్. ట్రాలీ ఆటో రానన్నది. ఉక్రోషం పట్టలేక, ఇంకా విప్పని కంప్యూటర్లో ఆ ఫైల్ తెరిచి, ఓంకార్ మాట వినమన్న లైన్ తుడిచేశాడు. ఇక నీకూ నాకూ చెల్లు అనుకున్నాడు.

మధ్యాహ్నం స్పీకర్లు గరగరమన్నాయి. ఓబులమ్మ గొంతెత్తింది.

గిరీష్ ఉలిక్కిపడ్డాడు. లైన్ తుడిచేశాడు కదా. అప్పుడు తట్టింది. సాఫ్ట్‌వేర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితేనే కొత్త రాత చెల్లుతుంది, అప్పటిదాకా పాత మాటే వింటుంది. రోజూ ఆఫీసులో చేసే పనే అది, కోపంలో మరిచాడు.

ఓంకార్ ఇప్పుడు మారుస్తాడు, ఇప్పుడు మారుస్తాడు అని చూశాడు. మార్చలేదు. పాట అయిపోయి మళ్లీ మొదలైంది.

"గిరీషూ, జర సౌండు పెంచు బిడ్డా," కింది నుంచి సత్తెమ్మ కేకేసింది. "మీ అవ్వ ఏమంటున్నదో సమజైతలేదు."

గిరీష్‌కు ఏడుపొచ్చింది. సౌండు పెంచి మెట్లు దిగాడు. ఓంకార్ తెర ముందు తలొంచుకుని కూర్చున్నాడు.

"నీ లైను తీసేసినా రా," అన్నాడు గిరీష్. "రీస్టార్ట్ చేసేది మరిచిపోయినా."

"ఇగ చెయ్యకు," అన్నాడు ఓంకార్.