మంచి చెయ్యి

విసుర్రాయిలో సారగింజలు పోసి తిప్పడానికి ఒక ఒడుపు కావాలి. గట్టిగా తిప్పితే లోపలి పప్పు పిండైపోతుంది, మరీ మెల్లగా తిప్పితే పెంకే పగలదు. భోపాలపట్నం బజారులో శేషగిరిరావు దుకాణపు సారపప్పుకు ఇంద్రావతి ఏటికి రెండు వైపులా పేరుందంటే ఆ ఒడుపు వల్లనే. ఆ ఒడుపు మాత్రం శేషగిరిరావుది కాదు. పెరట్లో రాయికి అటొకరు ఇటొకరు కూర్చుని, ఎండాకాలం పొడుగునా ఒకే పిడి పట్టుకుని తిప్పే అతని ఇద్దరు భార్యలది. పేరు దుకాణానికి, చేతుల బొబ్బలు వాళ్ళకి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఎండాకాలం, ఒక మధ్యాహ్నం రాయి తిరుగుతుండగానే శేషగిరిరావు పెరటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. సాధారణంగా అన్నం వేళకు అక్కడ నిలబడి దగ్గుతాడు, ఇద్దరిలో ఒకరు లేస్తారు. ఆ రోజు దగ్గలేదు.

"ప్రసూనా, ఏటి అవతల ఒక పిల్ల ఉన్నదంట. నువ్వే పోయి చూసి బొట్టు పెట్టి రావాలె. నీ చెయ్యి మంచిది" అన్నాడు.

జ్ఞానప్రసూన చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న మహాలక్ష్మి చెయ్యి మాత్రం ఆగలేదు. రాయి తిరుగుతూ జ్ఞానప్రసూన చేతిని కూడా తనతో పాటు ఒక చుట్టు లాక్కుపోయింది.

ఇద్దరూ కలిసి వెళితే ఇంట్లో కొట్లాటలు లేవని పిల్ల తరపువాళ్ళకు నమ్మకం కుదురుతుందని కూడా అతను చెప్పాడు. పెత్తండ్రి కొడుకు వెంకన్న బండి కడతాడని, చీర, పూలు, పసుపు కుంకుమ సిద్ధం చేసుకోమని చెప్పి, అన్నానికి లోపలికి వెళ్ళాడు. జ్ఞానప్రసూన లేచి వడ్డించింది. పప్పులో ఉప్పు తక్కువైందని అతను అంటే వెనక్కి వెళ్ళి ఉప్పు తెచ్చింది. చెడ్డవాడని అతన్ని ఊళ్ళో ఎవరూ అనరు. చెయ్యి చేసుకోడు, తాగడు, పండక్కి ఇద్దరికీ ఒకే రకం చీరలు తెస్తాడు. వాళ్ళకు నోరుందన్న సంగతి ఒక్కటే అతనికి ఎప్పుడూ గుర్తుండదు.

ఆమె ఆ ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్ళు. మొదటి ఎనిమిదేళ్ళు అత్తగారి మాటలతోనే గడిచాయి. చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పసిపిల్లను తొట్లో వేస్తుంటే "నువ్వు ఇంట్లనే ఉండు, పచ్చి బాలింత ఉన్నకాడ నువ్వెందుకు" అనేది అత్తగారు. ఈనని ఆవును అమ్మేసిన రోజున, కొట్టం వైపు చూడకుండా కోడలి వైపు చూస్తూ "తిండి దండుగ" అంది. మారు పెళ్ళి మాట ఇంట్లో వినబడటం మొదలయ్యాక జ్ఞానప్రసూన వారం రోజులు ఆలోచించింది. పుట్టింటికి పోతే వదినల వంటింట్లో ఒక మూల దొరుకుతుంది. ఇక్కడే ఉంటే, వచ్చే ఆమె ఎలాంటిదో. ఎలాగూ ఒకతె వస్తుంది కదా, ఆమెను నేనే తెస్తే నా మీద కృతజ్ఞతగా పడి ఉంటుంది, నా చోటు నాకుంటుంది అనుకుంది. ఇరవై నాలుగేళ్ళ మనిషి భయంతో వేసిన ఎత్తు అది. ఊరు దాన్ని త్యాగమంది.

ఆనాడు వెంకటాపురం దిక్కున ఒక ఊళ్ళో చూసిన పిల్ల ఈ మహాలక్ష్మే. పదహారేళ్ళది. పెద్దవాళ్ళు వసారాలో మాట్లాడుకుంటుండగా జ్ఞానప్రసూన కాళ్ళు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళితే, ఆ పిల్ల చేదతో నీళ్ళు పోస్తూ తల ఎత్తకుండానే అడిగింది. "అక్కా, నువ్వు వద్దంటే ఈ పెండ్లి ఆగుతదంట గద. వద్దనవా?" జ్ఞానప్రసూన కాళ్ళు కడుక్కుని వెళ్ళి ఆ పిల్ల నుదుట బొట్టు పెట్టింది.

ఆ తరువాత పద్నాలుగేళ్ళు, ఎంత పెద్ద మనసమ్మా నీది అని ఎవరు పొగిడినా ఆమెకు ఆ బావి గట్టే కనబడేది. ఆ తప్పుకు పరిహారంగా ఏం చెయ్యాలో తెలియక పనులు చేసింది. చలికాలం పొద్దున్నే లేచి పొయ్యి తనే రాజేసేది. చేప కూరలో నడిముక్క మహాలక్ష్మికే వేసేది. అతను మహాలక్ష్మిని ఏమన్నా తప్పు తనమీద వేసుకునేది. ఎంత చేసినా ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. దాని గురించి ఇద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మహాలక్ష్మికీ పిల్లలు పుట్టలేదు. అత్తగారు పోయే ముందు, మంచం మీద నుంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కొట్టంలో రెండు గొడ్డుబోతులను కట్టుకున్నామని కొడుకుతో చెప్పి మరీ పోయింది.

బయల్దేరే ముందురోజు సాయంత్రం ఇర్మె సారగింజల గంపతో పెరటి దారిన వచ్చింది. ఆమె దోర్ల తెగ రైతుల ఇంటి మనిషి, పామేడు వైపు అడవి అంచున ఊరు. దుకాణంలో ఆమె భాష ఎవరికీ రాదు. అందుకని ఆమె, ఆమెలాంటి పాతికమంది ఆడవాళ్ళు, గింజలు తెచ్చినప్పుడల్లా పెరట్లోకే వచ్చేవారు. మహాలక్ష్మి వాళ్ళ మాట ఒక్క ఏడాదిలో నేర్చుకుంది, జ్ఞానప్రసూనకు మూడేళ్ళు పట్టింది. పెట్టెలోంచి తీసి ఆరేసిన పెళ్ళి చీర చూసి ఇర్మె ఎవరికని అడిగింది. మహాలక్ష్మి చెప్పింది. ఇర్మె గంప దించి, నడుం సరిచేసుకుని, దోర్లీ సగం తెలుగు సగంగా అంది.

"రెండు చేన్లల్ల మొలవకపోతే మూడో చేను ఎందుకు? విత్తులు చూసుకోవాలె గాని."

మహాలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. జ్ఞానప్రసూనకు నవ్వు రాలేదు. ఆ మాట ఆమెకు పదేళ్ళుగా తెలుసు. మహాలక్ష్మికీ తెలుసు. తెలిసిన మాట ఒకరి నోటి నుంచి బయటికి వచ్చి పెరట్లో అంత మామూలుగా నిలబడగలదని మాత్రం ఇద్దరికీ అంతవరకు తెలియదు.

మర్నాడు తెల్లవారి బండి తిమేడు రేవుకు చేరేసరికి దోనె అవతలి ఒడ్డున ఉంది. వెంకన్న ఎద్దులను నీళ్ళకు తోలుకుపోయాడు. ఎండకు ఇంద్రావతి సగం ఇసుకే. ఇద్దరూ గొడుగు కింద ఇసుకలో కూర్చున్నారు. మధ్యలో పసుపు కుంకుమ, పూలు, చీర ఉన్న పళ్ళెం. నీళ్ళ వైపు చూస్తూ జ్ఞానప్రసూన మొదలుపెట్టింది. ఆనాడు బావి కాడ నువ్వడిగింది నాకు వినబడింది అంది. వినబడనట్టు పోయిన, నా చోటు కోసం నిన్ను తెచ్చిన, ఒక్కనాడన్నా దాన్ని మర్చిపోలేదు అంది. చెబుతుంటే ఏడుపు రాలేదు. పద్నాలుగేళ్ళు దాచినది చెప్పడానికి నాలుగు మాటలే పట్టినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మహాలక్ష్మి చాలాసేపు ఇసుకలో వేలితో గీతలు గీసింది.

"నువ్వు వద్దంటే ఆగేదక్కా. ఆగకపోవునని నేననను. నీకోసమైనా అబద్ధమాడను" అంది. "ఆగినంక ఏమయ్యేదో మాత్రం నాకు తెల్వది. మా అయ్య ఇంకొక సంబంధం చూసిపెట్టిండు, ఆయనకు అరవై ఏండ్లు. గది కూడ కాకపోతే ఇంకేమన్న మంచిదే అయ్యేదేమో. ఎవరు చెప్తరు?"

"నామీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? నాలుగేండ్లు ఉండె. నీ చీరలు ముండ్లకంచె మీద ఆరేసేదాన్ని. చినిగేటియి యాదికున్నదా?"

"గాలికనుకున్న."

"గాలి కాదు, నేనే" అంది మహాలక్ష్మి. ఈసారి ఇద్దరూ నవ్వారు. నవ్వు తగ్గాక ఆమె గొంతు మారింది. "అటెన్క నా కోపం అరిగిపోయింది. రోజూ ఎదురుగ కూసోని ఒక్క పిడి పట్టుకున్నంక ఎన్నిరోజులుంటది? నేను దించుకున్న. నువ్వే మోస్తున్నవు. ఆనాటి నీ వయసు కంటె ఇప్పుడు నేనే ఆరేండ్లు పెద్ద. ఇప్పుడు జూస్తె నాకు ఇద్దరు పిల్లలు కనబడుతున్నరు బాయి కాడ. ఒక్కదాన్ని ఎట్ల తిట్టాలె?"

దోనె ఒడ్డుకు వచ్చింది. వెంకన్న పిలిచాడు. జ్ఞానప్రసూన లేచి చీరకు అంటిన ఇసుక దులుపుకుంది. ఏం చెయ్యబోతుందో ఆమె మహాలక్ష్మికి చెప్పలేదు. అప్పటికి ఆమెకూ పూర్తిగా తెలియదు.

ఏటి అవతల ఆ పిల్ల ఇంట్లో తండ్రి లేడు. సంబంధం మాట్లాడుతున్నది మేనమామ. తల్లి మజ్జిగ ఇచ్చి, చాప పరిచి, దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. పిల్ల పేరు సారక్క. పదిహేడేళ్ళుంటాయి. జడ ఎవరో గట్టిగా లాగి వేసినట్టున్నారు, నుదురు బిగుసుకుని ఉంది. మేనమామ శేషగిరిరావు దుకాణం గురించి, పెద్ద భార్యే స్వయంగా వచ్చి బొట్టు పెట్టడం గురించి, అలాంటి ఇల్లు దొరకడం గురించి చాలాసేపు మాట్లాడాడు. పళ్ళెం జ్ఞానప్రసూన చేతికి ఇచ్చారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమ్మంలో గుమిగూడారు. ఆమె కుంకుమ భరిణె మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది.

"నేను ఈ పిల్లకు బొట్టు పెట్టను" అంది.

గొంతు పెద్దది చెయ్యలేదు. అయినా గుమ్మంలో వాళ్ళందరికీ వినబడింది. మేనమామ ఏదో మర్యాద లోపం జరిగిందనుకుని లేచి నిలబడ్డాడు. జ్ఞానప్రసూన అతన్ని కాదు, గోడకు ఆనుకున్న తల్లిని చూస్తూ చెప్పింది.

"వదినా, నేను ఆ ఇంట్ల ఇరవై రెండేండ్ల సంది ఉన్న. ఈమె పద్నాలుగేండ్ల సంది ఉన్నది. నాకు లోపమున్నదని ఈమెను తెచ్చిన్రు. ఈమెకు లోపమున్నదని నీ బిడ్డను అడుగుతున్నరు. మా ఇద్దరికి ఏ లోపం లేదు. మా ఆయనకు పిల్లలు పుట్టరు. నీ బిడ్డకు గూడ పుట్టరు. పదేండ్ల తర్వాత దీన్ని గూడ గొడ్డుబోతంటరు, నాలుగో పిల్ల కోసం బండి కడతరు."

ఇంటి మగవాణ్ణి పట్టుకుని అలాంటి మాట ఆడది అనవచ్చునా అని మేనమామ మహాలక్ష్మి వైపు తిరిగాడు. చిన్నామె అయినా కాదంటుందని అనుకున్నాడు పాపం.

"నిజమే చెప్పింది" అంది మహాలక్ష్మి. "నేను గూడ గదే చెప్తున్న."

సారక్క ముందుకు వచ్చి, జ్ఞానప్రసూన చేతిలోని పళ్ళెం రెండు చేతులా అందుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి వెళ్ళి, రేవు నుంచి వాళ్ళు వచ్చిన అద్దె బండిలో పెట్టి వచ్చింది. తల్లి ఆపలేదు. వెళ్ళేటప్పుడు ఆ తల్లి గుమ్మం దాకా వచ్చి, మరి మీ గతేందమ్మా అని మెల్లగా అడిగింది. ఇద్దరూ బండెక్కారు. దోనెలో ఏరు దాటుతున్నంతసేపూ వెంకన్న వాళ్ళ ముఖం చూడలేదు. జ్ఞానప్రసూనకు మాత్రం, ఏళ్ళ తరబడి బిగించి కట్టిన నడికట్టు విప్పినట్టుంది. ఆకలేసింది. మూటలోని అటుకులు విప్పి ఇద్దరూ తిన్నారు.

సంగతి వెంకన్న నోట విన్నాక శేషగిరిరావు అరవలేదు. బజారులో నలుగురూ చూస్తున్నారు. ఇంటి పరువు ఏట్లో కలిపి వచ్చిన ఆడవాళ్ళకు తన గడపలో చోటు లేదని, నేల చూస్తూ చెప్పాడు. క్షమించమంటారని ఎదురుచూశాడేమో, కాసేపు అక్కడే నిలబడ్డాడు. జ్ఞానప్రసూన లోపలికి పోయి నాలుగు చీరలు మూట కట్టింది. పెరట్లోకి పోయి విసుర్రాయి పై బండను కింది బండను విడదీసింది.

"ఇది మా అమ్మగారు పెట్టింది. తీస్కపోతున్న" అంది.

పట్టపగలు భోపాలపట్నం బజారు మధ్యలోంచి ఇద్దరు ఆడవాళ్ళు చెరొక బండ నెత్తిన పెట్టుకుని నడిచారు. దుకాణాల వాళ్ళు తక్కెళ్ళు ఆపి చూశారు. అంగడి చూసుకుని ఇంటికి పోబోతున్న ఇర్మె ఎదురుపడి, ఏమైందని అడగకుండా జ్ఞానప్రసూన నెత్తి మీది బండ దించి తన నెత్తిన పెట్టుకుంది. బజారు చివర బుధ్రి అనే ముసలామె ఇంటి వెనుక సావిడి ఖాళీగా ఉంది. పశువుల్లేని సావిడి, అలికితే ఇల్లే. సాయంత్రానికి అలికారు. మూడో రోజున పాతికమంది దోర్ల ఆడవాళ్ళలో ఇరవైమంది తమ గంపలు దుకాణం ముందు నుంచే మోసుకుని ఆ సావిడికి వచ్చారు. దుకాణంలో జీతం మనుషులు కొత్త రాయి తెచ్చి సారగింజలు తిప్పారు. అంతా పిండైంది.

శేషగిరిరావుకు ఏటికి అటూ ఇటూ పిల్లనిచ్చే ఇల్లు దొరకలేదు. ఒక ఒడ్డున అన్న మాట దోనె కంటే ముందు అవతలి ఒడ్డుకు చేరుతుంది. వానలు పడ్డాక వెంకన్న వచ్చి, వంటకు మనిషి దొరకడం లేదు, ఇద్దరిలో ఒక్కరైనా రమ్మంటున్నాడు, ఎవరైనా సరేనట అని చెప్పాడు. ఆ "ఎవరైనా సరేనట" అన్నదానికి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. వెంకన్న కూడా నవ్వాపుకోలేకపోయాడు, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

కష్టం లేదని కాదు. మొదటి వర్షానికి సావిడి కారింది. కొందరు బజారు ఆడవాళ్ళు పేరంటాలకు పిలవడం మానేశారు. కొందరు మాత్రం ఎవరూ చూడకుండా వెనుక దారిన వచ్చి, ఆ రోజు ఏమన్నావో మళ్ళీ చెప్పు అని అడిగి చెప్పించుకుని పోయేవారు. జ్ఞానప్రసూన ఒకనాడు చేప కూర వడ్డిస్తూ, నడిముక్క తన కంచంలోనే వేసుకున్నానని తిన్నాక గమనించింది. ఎదురుగా మహాలక్ష్మి తలముక్క జుర్రుకుంటూ ఉంది. తలముక్కే ఆమెకు ఇష్టం. ఏది కావాలని పద్నాలుగేళ్ళలో తనెప్పుడూ అడగలేదు.

మరుసటేడు శివరాత్రి దాటాక జనాభా లెక్కలు వచ్చాయి. బస్తర్ సర్కారు బడి పంతులుకు ఆ పని అప్పగించింది. అతను చేతిలో కాగితాల కట్టతో సావిడి ముందు నిలబడ్డాడు. ఇద్దరూ చింతపండులోంచి గింజలు తీస్తున్నారు. ఇంటి పెద్ద ఎవరని అడిగితే ఇద్దరం అన్నారు. అతను బుర్ర గోక్కుని, పెద్ద వయసు ఆమె పేరు రాసుకున్నాడు. తరువాతి ప్రశ్న అడగడానికి మొహమాటపడి కాగితం వైపే చూస్తూ, పిల్లలెందరు పుట్టారని గొణిగాడు.

"లేరు" అంది జ్ఞానప్రసూన. ఆ మాట నోటి నుంచి ఒక గింజలా రాలిపడింది, అంతే. "సున్న పెట్టున్రి."

పంతులు సున్న చుట్టి మహాలక్ష్మి వైపు తిరిగాడు. ఆమెకూ సున్న చుట్టాడు. పెళ్ళి నాటికి వయసెంతని అడిగాడు.

"పదహారు" అంది మహాలక్ష్మి.

"నేనే తీసుకొచ్చిన" అంది జ్ఞానప్రసూన, ఊరి పేరు చెప్పినంత మామూలుగా, చేతిలోని చింతపండు పక్కన పెట్టకుండానే.

పంతులు కలం పైకెత్తి, ఆ మాట ఎక్కడ రాయాలో తెలియక కాగితం మీది గడులన్నీ పై నుంచి కింది దాకా వెతికాడు. మహాలక్ష్మి మెడ సాచి తను కూడా ఆ కాగితంలోకి చూసింది.

"దానికి గడి లేదక్కా" అంది.