బత్తులు తిప్పిన బరాత్

కాంట్రాక్టరు కరుణాకర్ మనుషులు పట్టపగలే నిచ్చెన వేసి బత్తులవాడ వీధిదీపాలన్నీ విప్పుకుపోయారు. అవి అతని కొత్త ప్లాట్లలో వెలిగాయి. అక్కడ ఇళ్లు లేవు. ముళ్లకంప మీద తెల్లటి వెలుతురు. ఇక్కడ చీకట్లో నీళ్లబిందెతో వస్తూ సంతోషమ్మ కోడలు మహిమ మూతలేని మోరీ కాలువలో పడి కాలు విరగ్గొట్టుకుంది. సంతోషమ్మ అడగడానికి పోతే కరుణాకర్ నవ్వాడు.

"గ్యాసుబత్తులు మోసేటోళ్లకు కరెంటెందుకమ్మా?"

మోసిన మాట నిజమే. కరెంటు రాకముందు ఊరి చౌరస్తాలో గ్యాసుబత్తికి నూనె పోసి, గాలి కొట్టి వెలిగించింది, మసిబారిన గాజు తుడిచింది ఈ వాడ తాతలే. తరువాత అవే బత్తులు పెండ్లి బరాత్ ఊరేగింపుల్లో వీళ్ల నెత్తికెక్కాయి. వెలుగు పెండ్లికొడుక్కి. కారిన వేడినూనె మచ్చలు సంతోషమ్మ మెడకు.

ఇప్పుడు కరుణాకర్ కొడుకు పెండ్లి. వీడియోలో పాతకాలపు బరాత్ కనబడాలట. బత్తులు పట్టుకొని రమ్మని కబురొచ్చింది. వాడంతా చర్చి ముందు కూడింది.

"పోవద్దు. వాని మొఖాన ఉమ్మాలె" అన్నాడు సంతోషమ్మ కొడుకు వెస్లీ.

"ఉమ్మితే తుడుసుకుంటడు. పోదాం" అంది సంతోషమ్మ.

"సిగ్గులేదా అత్తా?" పక్కింటి నర్మద లేచింది. "నీ కోడలు మంచంల పడున్నది."

"బరాత్‌ల ముందు ఎవరు నడుస్తరే?"

"బత్తులోళ్లు."

"బత్తిని దాటి పెండ్లికొడుకు పోతడా?"

దాటినా, వెనక్కి మళ్లినా అపశకునం. ఆ పట్టింపు దొరలది, ఈ వాడది కాదు. ముందుగా నర్మద పగలబడి నవ్వింది.

"పెండ్లికొడుకు గుర్రం మోరీల పడితే?" అన్నాడు ముసలి ఆశీర్వాదం.

"మహిమ పడ్డనాడు ఎవడన్న ఫికర్ జేసిండా, మామా?"

బరాత్ పొద్దుగూకగానే కదిలింది. చౌరస్తా దగ్గర ఫంక్షన్ హాలు కుడివైపు. సంతోషమ్మ ఎడమకు తిరిగింది. వెనక బత్తులన్నీ తిరిగాయి. బత్తుల వెంట బ్యాండు, బ్యాండు వెంట గుర్రం. మోరీ కంపు కొట్టాక గానీ కరుణాకర్‌కు తెలియలేదు.

"ఏయ్! ఎటు పోతున్రు?"

"మా ఇంటికి, సారూ. జర సూసి నడువుండ్రి, మూతల్లేవు."

వాడ నడిమధ్యలో బత్తులు ఆగాయి. పట్టుచీరలు కుచ్చిళ్లు ఎత్తుకున్నాయి. లక్సెట్టిపేట వియ్యంకుడు చుట్టూ చూశాడు.

"బావా, గీడ లైట్లేవి?"

"మీ బావ ప్లాట్లల్ల ఉన్నయ్!" గుడిసెల్లోంచి అరిచారు.

"దాటి పోదాం పాండ్రి!" అన్నాడు కరుణాకర్. అతని భార్యే గుర్రం కళ్లెం పట్టుకుంది. "బత్తి దాటుతవా? పిల్లగాని బతుకు ఖరాబు జేస్తవా?"

పోలీసు జీపొచ్చింది. ఎస్సై సంతోషమ్మ ముందు నిలబడ్డాడు.

"దించు."

"మా లైట్లు మాకు పెట్టిపియ్యుండ్రి, దించుతం."

రెక్క పట్టి లాగాడు. బత్తి ఒరిగింది. అది కింద పడకముందే నర్మద అందుకొని నెత్తిన పెట్టుకుంది. నర్మదను లాగితే వెస్లీ అందుకున్నాడు. వెస్లీని లాగితే ఆశీర్వాదం. లాగినవాళ్లతో జీపు నిండిపోయింది. నేలకు దిగిన బత్తి ఒక్కటీ లేదు.

జీపు చువ్వల్లోంచి సంతోషమ్మ చూస్తూనే ఉంది. బత్తి బరువుకు ఆశీర్వాదం మెడ వణుకుతోంది. కానిస్టేబుల్ అటే పోతున్నాడు. బ్యాండు ముత్తయ్య ఈ వాడవాడు కాదు, కరుణాకర్ కూలికి వచ్చినవాడు. అతను మెడలోంచి డోలు తీసి రోడ్డు మీద పెట్టాడు. తువ్వాల చుట్టచుట్టి నెత్తిన పెట్టుకున్నాడు.

"జరుగు తాతా" అన్నాడు. "గా బత్తి నాకియ్యి."