నాలుగు పీఠాల సభ

లావణ్య అంటే నాకు పడదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచుకోవడం ఎందుకు.

వజ్రకోట అని ఒక ఫోన్ ఆట. ఆ లోకాన్ని ఏలేది నలుగురు మాంత్రికుల సభ. పిడుగుల మాంత్రికుణ్ణి నేను, సభకి పెద్దని కూడా. కోటవురట్ల నానాజీది గాలి, కొండకర్ల తారక్‌ది నీరు, కశింకోట లావణ్యది నిప్పు. మేం ఊఁ అంటే మూడువేలమంది ఆటగాళ్ళు యుద్ధానికి దిగుతారు, వద్దంటే ఆగుతారు. అనకాపల్లిలో మా బెల్లం కొట్లో మాత్రం ఒక్క దిమ్మ బాగుందో లేదో చెప్పడానికి కూడా మా నాన్న నన్ను నోరెత్తనివ్వడు. ఇరవయ్యేడేళ్ళొచ్చాయి నాకు. నా మాట చెల్లేది ఆ పెద్దపీఠం మీదే.

దానికే ఎసరు పెట్టింది లావణ్య. ఆదివారం సభ పెద్దని మళ్ళీ ఎన్నుకోవాలి. నానాజీ, తారక్ తమ ఓటు ఆమెకేనని మొహం మీదే చెప్పేశారు. "నువ్వు అరుత్తావు బావా, ఆవిడ వింటాది," అన్నాడు తారక్. ఆమెను సభలో కూర్చోబెట్టింది నేను. ఏకు మేకై కూర్చుంది.

శుక్రవారం లావణ్య తండ్రి అప్పలనరసింహం మా కొట్టుకి ఫోన్ చేశాడు. వాళ్ళ బెల్లం మాకే వేస్తారు. ఫోనెత్తింది నేను. "రేపు గానుగ వంతు మాదే బాబూ. పదకొండుకి మొదటి పెనం పాకానికొత్తాది. నాకు సూపు ఆనట్లేదు, పాకం సూసేది మా అమ్మాయే," అన్నాడు.

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. సభకి ఒక నియమం ఉంది. పెద్ద పిలుపు అందరి ఫోన్లలో వినపడుతుంది, ఎప్పుడు పిలిస్తే అప్పుడు ఆటలోకి వచ్చి సభ ముగిసేదాకా ఉండాలి. మూడుసార్లు పేరు పిలిచినా పలకకపోతే పీఠం పోతుంది, మళ్ళీ దక్కదు. ఇక చెరకురసం పాకానికొచ్చిన వేళ రెండు నిమిషాలు పక్కకెళితే పెనమంతా మాడిపోతుంది. ఏది వదులుకుంటుందో చూద్దామనుకున్నాను.

శనివారం సరిగ్గా పదకొండుకి సభ పిలిచాను. నానాజీ, తారక్ పలికారు. "నిప్పుల మాంత్రికురాలు లావణ్య," అని మూడుసార్లు పిలిచాను. పలకలేదు. ఆమె పీఠం పోయిందని ప్రకటించేశాను.

"నెట్ లేదేమో బావా, ఇంకోపాలి పిలు," అన్నాడు నానాజీ.

గెలిచిన మత్తులో నోరు ఊరుకోలేదు. "నెట్టెందుకుండదు? పెనం దగ్గరుంటాది. ఎలా వత్తాది?" అని నవ్వాను.

ఇద్దరూ నవ్వలేదు.

"నీకు ముందే తెలుసేటి?" అన్నాడు నానాజీ.

"ఆళ్ళ నాన్నే సెప్పేడు."

"పాకం మీదున్న మనిసిని పిలిసేవా?" నానాజీ గొంతు మారిపోయింది. "మా తాత పోయేడని కబురట్టుకొచ్చినోడు కూడా, మా నాన్న పెనం దించేదాకా గానుగ పాకలో నోరిప్పకుండా నిలబడ్డాడురా. నువ్వు ఆటకోసం పిలిసేవు. బెల్లం మీద బతికే ఇంట్లో పుట్టేవు, నీకు తెలీదేటి?"

"ఆటలో ఎవడి ఎత్తు ఆడిది," అన్నాను.

"అయితే నీ ఆట నువ్వే ఆడుకో," అని వెళ్ళిపోయాడు. అతని వెనకే తారక్ కూడా తప్పుకున్నాడు.

సాయంత్రం లావణ్య వాళ్ళ దిమ్మలు మా కొట్టుకి వచ్చాయి. తండ్రి వెంట లావణ్య కూడా వచ్చింది. నాన్న ఒక ముక్క విరిచి వెలుగులో చూసి, "ఏటి రంగు తల్లీ! పక్కకి కదిలినోళ్ళ పాకం కాదిది," అన్నాడు. అలాంటి మెప్పు ఆయన నోట నేను ఒక్కనాడూ వినలేదు.

లావణ్య నాకేసి తిరిగింది. "ఫోన్ పొయ్యి పక్కనే ఉంది. మీరు మూడుసార్లూ పిలిసింది ఇనపడింది, దేవీప్రసాద్ గారూ," అంది. అంతే. సిగ్గేసిందని చెప్పను. ఒళ్ళు మండింది.

ఆదివారం ఎన్నికకి సభ పిలిచాను. గాలి అని మూడుసార్లు, నీరు అని మూడుసార్లు పిలిచాను. ఎవరూ పలకలేదు. నియమం ప్రకారం రెండు పీఠాలూ పోయాయని ప్రకటించాను. వినడానికి ఎవరూ లేరు. ఇక మిగిలింది నా పేరే. దాన్నీ పెద్దగా పిలిచాను.

వచ్చానని పలికింది కూడా నేనే.