చెప్పనని చెప్పిన వార్త

తమిళనాడులోని కోవిల్పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే బొమ్మక్క రోజూ పనికి బయలుదేరేముందు సెల్‌ఫోన్‌లో ఐదు నిమిషాలు వార్తలు చెప్పేది. చుట్టుపక్కల మూడు ఊళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళకు అవి వాట్సాప్‌లో చేరేవి. ఎవరి ఆవు తప్పిపోయింది, ఏ బస్సు రాలేదు, ఏ రోడ్డు వేశామని చెప్పి వేయలేదు, అన్నీ అందులో ఉండేవి.

ఆసియాలో ప్రజాస్వామ్యం నిలబడాలని, వార్తలు స్వేచ్ఛగా చెప్పే వీలుండాలని ఏడు దేశాలవాళ్ళు కలిసి నడిపే సంస్థ ఒకటి ఉంది. దాని తరఫున వసంతకుమార్ అనే ఉద్యోగి విరుదునగర్‌లో సభ పెట్టాడు. వేదిక మీద బొమ్మక్క ఆనాటి వార్తలు చెప్పాలి. ఆమె చెల్లెలి కూతురు బృంద వాటిని ఇంగ్లీషులో చెప్పాలి.

ముందురోజు వసంతకుమార్ ఇంటికే వచ్చాడు. ఏమేం చెబుతారో వినిపించమని తమిళంలో అడిగాడు. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. బొమ్మక్క చెబుతుంటే బృంద తమిళంలోకి మార్చింది. వానకు మినుము దెబ్బతిన్నదనీ, సాయంత్రం బస్సు ఆగిపోయిందనీ చెప్పినంతవరకూ బాగానే ఉంది.

"మా ఊరి నూలగం మూసి ఎనిమిది నెలలాయె. లోపల పుస్తకాలమింద తలైవర్ మిరపకాయ గోనెలు ఉండాయి. ముప్పై గోనెలు" అంది బొమ్మక్క.

నూలగం అంటే గ్రంథాలయం. తలైవర్ అంటే పంచాయతీ అధ్యక్షుడు తిరుమలసామి. సభకు విరుదునగర్‌లోని తన కల్యాణమండపం ఉచితంగా ఇచ్చింది ఆయనే, ముఖ్య అతిథీ ఆయనే.

వసంతకుమార్ నుదురు తుడుచుకున్నాడు. "అమ్మా, ఈ సభ పెట్టిందే పత్రికాస్వేచ్ఛ కోసం. దయచేసి దాన్ని చెడగొట్టకండి" అని బతిమాలాడు.

బొమ్మక్క కాసేపు ఆలోచించి, ఆ వార్త చెప్పనని మాట ఇచ్చింది. అతను తేలికపడి వెళ్ళిపోయాడు.

"ఏం పెద్దమ్మా, బయపడితివా?" అని అడిగింది బృంద.

"బయమే. తలైవర్ తమ్ముడే గదా ఫ్యాక్టరీలో మా మేస్త్రీ. అయినా మాట ఇచ్చితిని, తప్పను."

మర్నాడు మండపం నిండింది. ముందు వరసలో మంగోలియా నుంచి వచ్చిన ఒయూన్ అనే రేడియో విలేకరి నోటుపుస్తకం తెరిచి కూర్చుంది. బొమ్మక్క మినుము సంగతి, బస్సు సంగతి చెప్పింది.

"మూడో వార్త చెప్పనని మాట ఇచ్చినాను. అందుకని మా ఊరి నూలగం ఎనిమిది నెలలుగా మూసి ఉండాదని చెప్పను. లోపల ఉండేది మిరపకాయలని చెప్పను. ముప్పై గోనెలు ఎవురివో అసలే చెప్పను."

ఊరివాళ్ళు గొల్లున నవ్వారు. ఏమీ అర్థంకాని వసంతకుమార్ సంతోషంగా చప్పట్లు కొట్టాడు. బృంద ఇంగ్లీషులో చెప్పగానే విదేశీయులు నవ్వారు, అతని చప్పట్లు ఆగిపోయాయి.

ఒయూన్ లేచి, ఆ గోనెలు ఎవరివని అడిగింది. బొమ్మక్క జవాబు చెప్పేలోపే వేదిక మీద తిరుమలసామి తన మైకు అందుకున్నాడు.

"అబద్దం" అన్నాడు తెలుగులో. "ముప్పై కాదు. ఇరవైరెండే."

అన్నాక గాని తానేమన్నాడో ఆయనకు తెలియలేదు.

"తప్పు నాదే మామా, దిద్దుకుంటాను" అంది బొమ్మక్క వినయంగా. "ఇరవైరెండు."

ఆ మాటలనూ బృంద ఇంగ్లీషులోకి మార్చింది. ఒయూన్ అంకె రాసుకుంది.

నాలుగో రోజు గోనెలు లారీ ఎక్కాయి. గ్రంథాలయం తెరిచారు గాని, మొదటి వారం వచ్చినవాళ్ళంతా తుమ్ముతూనే పేపరు చదివారు. మేస్త్రీ పది రోజులు బొమ్మక్కతో మాట్లాడలేదు. పని నుంచి మాత్రం తీయలేదు. తీస్తే మర్నాటి వార్త అదే అవుతుందని అతనికి తెలుసు.

నెల తర్వాత మంగోలియా నుంచి ఒక ఆడియో వచ్చింది. పశువుల కాపరుల కోసం ఒయూన్ వాళ్ళ యాసలోనే వార్తలు మొదలుపెట్టింది. భోజనాల వేళ బొమ్మక్క ఆ ఐదు నిమిషాలూ ఫ్యాక్టరీ ఆడవాళ్ళకు వినిపించింది.

"ఏం చెప్తాదక్కా ఆమె?" అని అడిగింది వాళ్ళలో ఒకామె, పెరియనాయగి.

"నాకేం తెలుసును. ఎవురికో కోపం వస్తాదని మాత్రం గొంతులో తెలుస్తా ఉండాది."