గుర్రానికి కట్టిన పడవ

పద్నాలుగు రోజులకోసారి ఇల్లు కదలాలి. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున కాలువల మీద పడవల్లో కాపురముండేవాళ్లకి అదీ రూలు. పంతొమ్మిదేళ్లుగా బెరిల్ కదులుతూనే ఉంది. నాటకాల హాల్లో, వచ్చిన జనం కోట్లు భద్రపరిచే పని ఆమెది. పడవ ఊరవతలికి పోయినప్పుడల్లా మోకాళ్లు పట్టుకుని నాలుగు మైళ్లు నడిచి పనికి రావాలి. "ఛీ, ఏం బతుకిది!" అనుకోని రోజు లేదు.

ఈసారి ఇంజను చచ్చింది. మెకానిక్కు మూడు రోజులుగా "రేపొస్తా" అంటున్నాడు. గడువేమో ఇవాళ సాయంత్రం ఐదు.

"ఐదు దాటాక వంతెనకి ఇవతల కట్టేసి కనిపిస్తే లైసెన్సు పోతుందమ్మా. పడవని క్రేనుతో ఎత్తుకుపోతారు," అన్నాడు కాలువ ఇన్‌స్పెక్టరు డెస్మండ్.

"ఇంజను పాడైంది బాబూ!"

"అది రాయడానికి నా పుస్తకంలో గడి లేదు."

నాలుగింటికి, రోజూలాగే, ఒకప్పుడు బొగ్గు పడవలు లాగిన గుర్రం గట్టు వెంట వచ్చింది. అది చచ్చిపోయి తొంభై ఏళ్లు. బార్లవాళ్లు కుర్చీలు పక్కకి జరిపి దారిచ్చారు. దాని వెనక తాడు ఈడ్చుకుంటూ పోతోంది. బెరిల్ ఒళ్లు మండి ఆ తాడు అందుకుని పడవకి కట్టేసింది.

పడవ కదిలింది. కానీ ఆ రోజుల్లో దాన్ని తోలినవాడు తాగడానికి ఆగిన ప్రతిచోటా గుర్రమూ ఆగింది. బీరు పోస్తేగానీ అడుగెయ్యదు. వంతెనకి పది గజాల ఇవతల, నాటకాల హాలు కిందున్న బారు ముందు బిగదీసుకుని నిలబడిపోయింది.

"ఇంకోటి పొయ్యి, కాస్పర్!"

"మూడు తాగింది పెద్దమ్మా. మా సరుకు నచ్చినట్టుంది," అన్నాడు బారు కుర్రాడు.

"నీ తాగుడు తగలెయ్య! నా ఇల్లు పోతోందే!" అని గుర్రాన్ని తిట్టి, పడవ కప్పు మీద కూలబడి ఏడ్చింది బెరిల్. గంట ఐదు కొట్టింది.

డెస్మండ్ వచ్చి గట్టు మీద పడవలు కట్టే ఇనుప కడియం చూశాడు. దానికి తాడు లేదు.

"పడవ దేనికి కట్టారమ్మా?"

"కనబట్టంలా? గుర్రానికి! రాసుకో, రాసుకుని చావు!"

అతను పుస్తకం మొదటి పేజీ దాకా తిరగేశాడు. గుర్రానికి కట్టి ఉన్న పడవ ఆగిన పడవ కిందకి రాదు. గుర్రాల కాలంలో రాసిన ఆ ముక్క ఎవరూ కొట్టెయ్యలేదు. 'ప్రయాణంలో ఉంది' అని రాసుకున్నాడు.

"గుర్రం కదిలితే కబురు చెయ్యండి," అని వెళ్లిపోయాడు.

ఏడు నెలలైంది. రోజూ ఒక బీరు పోస్తోంది బెరిల్. గుర్రం కదల్లేదు. పని నుంచి ఇంటికి ఇప్పుడు నలభై అడుగులు.

మొన్న మెకానిక్కు వచ్చాడు. "రేపు రా" అని పంపేసింది.