డాక్టరుగారి కొత్త గ్లవ్స్

డాక్టర్ దత్తాత్రేయ గారికి ఒక అలవాటుంది. ఐసీయూలో రోగికి ఊపిరి గొట్టం వేశాక ఆయన తెర తప్పించుకుని బయటికొస్తారు. అద్దాల తలుపు అవతల బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ బంధువుల ఎదురుగా గ్లవ్స్ ఒక్కొక్కటే నెమ్మదిగా విప్పుతారు. విప్పి, ఒకసారి తల ఊపుతారు. అంతే, జనం చేతులు జోడించేస్తారు. లోపల ఆ గొట్టం ఎవరు వేశారన్నది ఆకుపచ్చ తెరకు మాత్రమే తెలిసిన సంగతి.

సాయిశ్రీ ఆ తెర వెనక ఉండే మనిషి. మంగళగిరి నేతగాళ్ళ పిల్ల. నర్సింగ్ డిగ్రీ చదివి, బెజవాడలో ఈ ఆసుపత్రి ఐసీయూలోనే కొన్నేళ్ళు పనిచేసి, మచిలీపట్నంలో సర్కారు నర్సు ఉద్యోగం తెచ్చుకుంది. ఇక చేరడమే తరువాయి అనగా దత్తాత్రేయ గారు పిలిచారు.

"నీవి నర్సు చేతులు కావమ్మా. ఇక్కడ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెడుతున్నాం, రెండేళ్ళ పీజీ. గొట్టం వెయ్యడం, వెంటిలేటర్ చూసుకోవడం, మందులు మార్చడం, అన్నీ డాక్టరు ముందే చెప్పిపెట్టిన పద్ధతి ప్రకారం నువ్వే చేసెయ్యొచ్చు. కోర్సు అవగానే ప్రాక్టీషనర్ పోస్టు. ఆ పూచీ నాది."

నర్సు చేతులు కావు అనడం పొగడ్తో తిట్టో ఆ పిల్ల ఆలోచించలేదు. ఆ మాట పట్టుకుని సర్కారు కొలువు వదిలేసింది. తల్లి చౌడేశ్వరమ్మ వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తండ్రి మార్కండేయులు మాత్రం మగ్గం మీంచి లేవకుండానే, "గురువుగారు మాటిచ్చారంటున్నావుగా, ఇంకేం," అన్నాడు.

చెప్పకపోతే తప్పవుతుంది, ఆయన బాగానే నేర్పారు. మొదటిసారి గొట్టం వేసేటప్పుడు సాయిశ్రీ చేతులు వణుకుతుంటే వెనక నిలబడి, "ఊపిరి ఆగింది ఆయనకి, నీక్కాదు. ముందు నువ్వు ఊపిరి తీసుకో," అన్నారు. ఆ మాట ఆమె జూనియర్లందరికీ చెప్పుకునేది. ఇంట్లో ఆయన పేరు ఎత్తితే చాలు, మొహం వెలిగిపోయేది.

అయితే ఆయనకు బెంజ్ సర్కిల్ అవతల ఇంకో ఆసుపత్రి ఉంది. అక్కడా ఐసీయూ ఆయనదే. రెండుచోట్లా ఒకేసారి ఉన్నట్టు లెక్క. పైవాళ్ళకు తెలియకూడని విషయం, ఐసీయూలో అందరికీ తెలుసు. ఇక్కడ రోగికి ఊపిరి అందనప్పుడల్లా ఆయన ట్రాఫిక్‌లో ఉండేవారు. "నువ్వు వేసెయ్యమ్మా, బెంజ్ సర్కిల్ దగ్గరున్నా," అని ఫోను. ఆమె వేసేసేది. ఆయన రొప్పుతూ వచ్చి, పెట్టెలోంచి కొత్త గ్లవ్స్ తీసి తొడుక్కుని, తెర వెనక్కి తొంగిచూసి, బయటికెళ్ళి విప్పేవారు. వాడిన గ్లవ్స్ మంచం దాటి రాకూడదు, అక్కడే డబ్బాలో పడాలి అని ఆమెకు నేర్పింది ఆయనే. ఇవి వాడినవి కావు గనక బయటికొచ్చినా ఫరవాలేదన్నమాట. సాయిశ్రీకి మొదట్లో నవ్వొచ్చేది. నేర్చుకునే రోజులు కదా, కోర్సయ్యాక మన పేరు మనకొస్తుంది అనుకునేది.

కోర్సు ముగుస్తుందనగా ఒక మధ్యాహ్నం, ఆమె మేనమామ దుర్గాశంకర్‌ని తీసుకొచ్చారు. మంగళగిరిలో బట్టల కొట్టు ఆయనది, చేనేత సంఘానికి అధ్యక్షుడు. న్యుమోనియా ముదిరి పెదాలు నల్లబడ్డాయి. దత్తాత్రేయ గారు మామూలుగానే బెంజ్ సర్కిల్ దగ్గరున్నారు. "మా మావయ్య సార్," అంది ఫోనులో. "అయితే మరీ మంచిది. వేసెయ్," అన్నారాయన.

దుర్గాశంకర్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళలో చావు భయం. "మావయ్యా, నేను సాయిని. నేనే వేస్తున్నాను. భయపడకు," అని చెవిలో చెప్పి, మత్తు ఇప్పించి, ముందు తను ఊపిరి తీసుకుని, గొట్టం వేసింది. ఛాతీ లేచింది.

కాసేపటికి డాక్టరుగారొచ్చారు. కొత్త గ్లవ్స్ తొడుక్కున్నారు, బయటికెళ్ళి విప్పారు. చౌడేశ్వరమ్మ అద్దాల తలుపు దగ్గరే ఆయన కాళ్ళ మీద పడబోయింది. తర్వాత కూతుర్ని చూసి, "నువ్వూ లోపలే ఉన్నావా అమ్మా? పోనీలే, దగ్గరున్నావు," అంది. అన్న బతికాడన్న సంతోషంలో ఉన్న తల్లి దగ్గర పేరు కోసం పేచీ ఏమిటని సాయిశ్రీ ఊరుకుంది.

మావయ్యకు గొట్టం తీసేశాక, గొంతు బొంగురుగా రాగానే మొదట అన్న మాట, "నీ గొంతు విన్నానే సాయీ. నువ్వేగా వేసింది." ఆ ఒక్క మాటతో ఆమె కడుపు నిండిపోయింది.

కోర్సు అయింది, ఫలితాలొచ్చాయి. ఆసుపత్రి ఛైర్మన్ వెంకటకృష్ణారావు గారు దత్తాత్రేయ గారినీ సాయిశ్రీనీ గదికి పిలిపించారు. ప్రాక్టీషనర్ పోస్టు ఇవ్వాలా, లేక ఆమెను మళ్ళీ షిఫ్టు డ్యూటీ నర్సుగానే ఉంచాలా, అదీ తేలాల్సింది.

"ఒక్కటే అడుగుతాను డాక్టరుగారూ. మీరు పక్కన లేకుండా ఈ అమ్మాయి ఎప్పుడైనా గొట్టం వేసిందా?"

సాయిశ్రీ తలెత్తి గురువుగారి వంక చూసింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ప్రశ్న.

"లేదండీ," అన్నాడు దత్తాత్రేయ. "పక్కనుండి అన్నీ బాగా అందిస్తుంది."

ఇకమీదట ఈ కథలో ఆయనకు మర్యాద లేదు.

"సార్, మా మావయ్యకి నేనే కదా వేసింది. మీరప్పటికి రాలేదు," అంది సాయిశ్రీ.

దత్తాత్రేయ జాలిగా నవ్వాడు. "సొంత మావయ్య కదండీ, ఆ రోజు బాగా కంగారుపడిపోయింది పాపం. ఏం జరిగిందో ఎలా గుర్తుంటుంది?"

ఆమెను కోసేసింది ఆ పాపం అన్న మాటే. ఆ పూచీ నాదన్న నోరు అది. ఊపిరి తీసుకోమని చెప్పిన నోరు.

వెంకటకృష్ణారావు గారు ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, "ఆ పేషెంటు ఆదివారం మంగళగిరిలో డాక్టరుగారికి సన్మానం చేస్తూ నన్నూ పిలిచారు. వస్తున్నాను. అయ్యాక చూద్దాం," అన్నారు.

సాయిశ్రీకి ప్రాణం లేచొచ్చింది. మావయ్యకు తెలుసు. మావయ్య చెబితే ఎవరూ కాదనలేరు. ఆదివారం పొద్దున్నే కొట్టుకెళ్ళి బతిమాలింది. "ఒక్క ముక్క చెప్పు మావయ్యా. గొట్టం వేసింది మా సాయి అని. అంతే." దుర్గాశంకర్ కండువాలు మడతపెడుతూ, "చెప్తాన్లేవే," అన్నాడు.

సన్మానం కండువా నేసింది మార్కండేయులే. నిజాం జరీ అంచు, మంచి పట్టు. కూతురికి విద్య నేర్పిన గురువు భుజాన పడేదని, ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే మగ్గంలో కూర్చుని నేశాడు. పట్టుదారం కండెలు చౌడేశ్వరమ్మ చుట్టింది. సాయిశ్రీ చూస్తూ ఊరుకుంది. మావయ్య వేదిక మీద చెప్పాక నాన్నకు అదే తెలుస్తుంది కదా అనుకుంది.

కల్యాణమండపం నిండింది. దుర్గాశంకర్ మైకు పట్టుకున్నాడు. పెదాలు నల్లబడటం, ఆంబులెన్స్, వారధి మీద ట్రాఫిక్, అన్నీ చెప్పాడు. "చివరికి డాక్టరుగారు తన చేతులతో నా గొంతులో గొట్టం వేసి ఊపిరి పోశారు. మా మేనకోడలు కూడా అక్కడే ఉంది. పక్కనుండి అన్నీ అందించింది."

మాటకి మాట అదే. గదిలో ఛైర్మన్ ముందు దత్తాత్రేయ అన్న మాట, అక్షరం పొల్లుపోకుండా మావయ్య నోట్లోంచి వచ్చింది. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారని ఆమెకు అర్థమైంది. వేదిక మీద వెంకటకృష్ణారావు గారు తల పంకించారు. ఇంక చూడాల్సిందేమీ లేనట్టే.

"సాయీ, పళ్ళెం పట్టుకురావే," అని తల్లి కేకేసింది. కండువా పెట్టిన పళ్ళెం ఆమే తీసుకెళ్ళి అందించింది.

భోజనాల దగ్గర మావయ్యను పక్కకు పిలిచి అడిగింది, ఎందుకిలా చేశావని.

"ఊరందరి ముందూ ఓ నర్సు చేతిలో బతికానని చెప్పుకోమంటావేంటే? పెద్ద డాక్టరు బతికించాడంటే అదో మర్యాద. పైగా ఆయన మన సంఘానికి మెడికల్ క్యాంపు పెడతానన్నాడు. నీకు తెలుసు, నాకు తెలుసు. చాలదూ?"

"చాలదు మావయ్యా," అంది.

దత్తాత్రేయ కారు దగ్గర ఆమె కోసమే ఆగాడు. భుజాన నాన్న నేసిన కండువా ఉంది. "మనసులో పెట్టుకోకమ్మా. నువ్వు వేశావని చెబితే ఆ టైములో నేనెక్కడున్నానని అడుగుతారు. నా పరిస్థితి కూడా చూడాలి కదా. పోస్టు సంగతి వచ్చే ఏడాది చూద్దాం."

"రేపట్నుంచి మీరు దారిలో ఉంటే, వచ్చేదాకా నేను పక్కన నిలబడి ఉంటాను సార్. అందించడానికి."

ఆయన నవ్వాడు. "నువ్వలా నిలబడలేవమ్మా. నాకు తెలియదా?"

తెలుసు. అదే ఆమెను దహించేసింది. ఊపిరాడని మనిషి ఎదురుగా ఉంటే ఆమె చేతులు కట్టుకోలేదని తెలిసే, ఆ ధీమాతోనే మోసం చేశాడు.

ఇంటికొచ్చాక తల్లికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. చౌడేశ్వరమ్మ నమ్మలేదు. "అదేంటే, మేం కళ్ళారా చూశాం కదా ఆయన గ్లవ్స్ తీస్తుంటే," అంది. మార్కండేయులు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చాలాసేపు పని చెయ్యకుండా కూర్చున్నాడు. మోసపోయిన తండ్రిని చూస్తుంటే తను మోసపోవడం చిన్నదైపోయింది.

సోమవారం సాయిశ్రీ మామూలు నర్సు డ్యూటీకి వెళ్ళింది. మధ్యాహ్నం కొండపల్లి బొమ్మలు చేసే ఆయన తన భార్యను తీసుకొచ్చాడు. ఆవిడకు ఊపిరి అందడం లేదు. ఫోను మోగింది. "బెంజ్ సర్కిల్ దగ్గరున్నానమ్మా." సాయిశ్రీ ఫోను పెట్టేసి, తెర లాగి, గొట్టం వేసింది. ఛాతీ లేచింది. గ్లవ్స్ మంచం పక్క డబ్బాలో పడేసింది. చేతులు శుభ్రంగా కడుక్కుంది. తర్వాత, అద్దాల తలుపు తనే తెరిచింది.

"డాక్టరుగారేరమ్మా?" అన్నాడు భర్త.

"ఆయన ఇంకా దారిలో ఉన్నారండీ. గొట్టం నేను వేశాను. నా పేరు సాయిశ్రీ. నర్స్ ప్రాక్టీషనర్ని."

ఆయన చేతులు జోడించలేదు. మొహంలో భయం కనిపించింది. "డాక్టరు లేకుండానా? నర్సమ్మ వేసిందా?" అన్నాడు. ఆ మాట కూడా గుచ్చుకుంది గానీ, "రండి, మీరే చూద్దురుగాని," అని చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్ళింది. భార్య ఛాతీ లేచి పడుతోంది. పెదాల నలుపు తగ్గుతోంది. ఆయన ఆవిడ పాదం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

దత్తాత్రేయ రొప్పుతూ వచ్చాడు. అలవాటు ప్రకారం పెట్టెలోంచి కొత్త గ్లవ్స్ తీసి తొడుక్కుని తెర పక్కకు లాగాడు. లోపల బంధువు ఉండటం చూసి ఆగిపోయాడు.

"వచ్చారా డాక్టరుగారూ," అన్నాడు కొండపల్లి ఆయన కళ్ళు తుడుచుకుంటూ. "గొట్టం ఈ అమ్మే వేసేసిందండీ. మీరిప్పుడేం చేస్తారండీ?"

దత్తాత్రేయ తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత సాయిశ్రీ వంక చూశాడు.

ఆమె కాలితో డబ్బా మూత తెరిచి పట్టుకుంది. "ఇందులో వెయ్యండి సార్. మంచం దాటి రాకూడదు."