రెండో కోడె

వేములవాడ రాజన్న గుడి ముందు ఓదెలు ఫోను మోగేసరికి, అతని భార్య రాజవ్వ మనవడిని చంకనెత్తుకుని తలనీలాల వరసలో నిలబడి ఉంది. నిన్న కొండగట్టు అంజన్నను చూసుకుని, రాత్రి ఇక్కడి సత్రంలో పడుకున్నారు. ఫోనులో రాజవ్వ మేనల్లుడు ఏడుస్తున్నాడు. వాళ్ల నాయన, అంటే రాజవ్వ తమ్ముడు మొండయ్య, తెల్లవారుజామున పోయాడట.

ఓదెలు ఫోనుతో వరసకు దూరంగా జరిగాడు. పక్కనే ఉన్న కోడలు స్వరూపకు సంగతి అర్థమైంది.

"మామా, నీ కాళ్లు మొక్కుత, ఇప్పుడే చెప్పకు. అత్త చెవున పడ్డదంటే మైల, గుళ్లె అడుగు పెట్టొద్దు. పిలగానికి ఎల్లుండి మూడేండ్లు నిండుతయ్. గియ్యాల తప్పితే మల్ల ఐదో ఏడే."

వినేదాకా మైల లేదు. ఆ నియమం ఎవరు పెట్టారో గానీ ఎన్ని నోళ్లు కుట్టేసిందో. స్వరూపకు రెండు కాన్పులు పోయాక దక్కిన బిడ్డ వాడు. మొక్కింది రాజవ్వ, మొక్కు కోడెను పట్టి గుడి చుట్టూ తిప్పవలసిందీ ఆమే. ఓదెలు మేనల్లుణ్ని బతిమాలాడు, మేము వచ్చేదాకా శవాన్ని ఎత్తొద్దని. పొద్దు వాలేదాకా ఆపుతామని, ఆపైన పెద్దమనుషులు ఊరుకోరని వాడన్నాడు.

గుండు అయింది, దర్శనం అయింది. రాజవ్వ కోడె పగ్గం పట్టి గుడి చుట్టూ తిప్పి కట్టేసింది. ఇప్పుడు బయల్దేరినా అందుకోవచ్చని ఓదెలు ఊపిరి పీల్చుకున్నాడు.

"మా మొండిగానికి దగ్గు తగ్గుతలేదయ్యా. వాని పేరు మీద ఇంకో కోడె కడ్త" అంది రాజవ్వ.

"మల్లొచ్చినప్పుడు కడుదువు తియ్యే. జనం జూడు."

"నీ తమ్ముడైతే గిట్లనే అంటవా?" అని నవ్వి, వెళ్లి వరసలో నిలబడింది.

ఒక్క మాట చాలు, ఆమె ఆగిపోయేది. మొక్కు కూడా తీరిపోయింది, ఇంక మైల అడ్డమే లేదు. కానీ ఎప్పుడు తెలిసిందని ఆమె అడుగుతుంది. ఓదెలు భయపడింది దేవుడికి కాదు, ఆ ఒక్క ప్రశ్నకు. ఉత్త పిరికితనం. జేబులో ఫోను మళ్లీ మోగితే దాని నోరూ నొక్కేశాడు.

వరస కదలదు. తీరా కదిలాక కోడె మూలమలుపులో మొరాయించింది. రాజవ్వ దాని వీపు నిమిరింది. "నడువు నాయినా, మా తమ్మునికి పానం బాగలేదు" అని బతిమాలింది.

బయటికొచ్చేసరికి నీడలు సాగాయి. కారు దగ్గర ఓదెలు చెప్పేశాడు.

"ఎప్పుడు తెల్సె నీకు?"

"పొద్దుగాల."

"రెండో కోడె పట్టంగ గూడ తెల్సా?"

అతను కారు తలుపు తీశాడు. ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిట్టినా బాగుండేది.

వాళ్లు మొండయ్య ఇంటికి చేరేసరికి శ్మశానం నుంచి మగవాళ్లు తిరిగొచ్చి స్నానాలు చేస్తున్నారు. రాజవ్వ మేనల్లుణ్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ నాయిన మొకం ఎట్లున్నదిరా?"

"పండుకున్నట్టే ఉండె అత్తా."

"గడ్డం గీసిన్రా? కండ్లు మూసుకున్నడా?"

వాడు చెప్పాడు. ఆ తర్వాత పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆమె అదే అడిగింది, ఆ మొహం ఎలా ఉందని. ఓదెలు గోడ పక్కన నిలబడి అన్నీ విన్నాడు. అతన్ని మాత్రం ఆమె ఏమీ అడగలేదు.